మీ ఇష్టమండి

మా మేస్త్రీగారు పోయారు. రావులపాలెం అరటి మార్కెట్లో లారీకి గెలలు ఎక్కిస్తుండగా ఫోనొచ్చింది. చేసింది ఆయన భార్య, నేను పిన్నిగారూ అంటాను. "బాబూ, మీ మేస్త్రీ వెళ్ళిపోయారు. పొద్దున్నే టీ తాగి గ్లాసు కింద పెట్టారు. అలాగే కుర్చీలో వెనక్కి వాలిపోయారు" అన్నారు. ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. నా చేతిలోంచి ఫోను జారి గెలల మధ్యలో పడింది.

నాకు ముందు ఏడుపు రాలేదండి. కోపం వచ్చింది. మనిషి పోతే కోపం రావడమేంటని మీరు అనుకోవచ్చు. రాయడానికి నాకూ సిగ్గుగానే ఉంది. కానీ అబద్ధం రాయలేను, ఆయనతో ఆడిన అబద్ధాలు చాలు. ఆరు నెలలుగా ఆయన్ని ఒకే ఒక్క ప్రశ్న అడుగుతున్నాను, ముసల్దానికి ఏ ఆయిల్ పొయ్యాలి, మామూలుదా, సింథటిక్కా అని. తిన్నగా జవాబు చెప్పకుండా పోయారు. అంతకన్నా పెద్ద సంగతి ఇంకోటుంది. నన్ను మళ్ళీ "ఏరా" అని పిలవకుండా పోయారు.

ముసల్ది అంటే నా లారీ. ఆ పేరు ఆయన పెట్టిందే. నేను కొన్నప్పుడే అది ఇంకొకరి చేతిలో నలిగిన బండి. ఇరవై రెండేళ్ళుగా దాని ఇంజన్ మీద ఆయన చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు, ఒక్కసారి తప్ప. ఆ ఒక్కసారి గురించే ఈ గొడవంతా.

ఆయన షెడ్డు అమలాపురం వెళ్ళే దారిలో కాలవ గట్టు మీద ఉంటుంది. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, చుట్టూ కంచె, ముందు గేటు, వెనకాల రేవు. బండి తీసుకెళ్ళి ఆపగానే నా మొహం చూసేవారు కాదు. ముందు బానెట్ మీద చెయ్యి వేసేవారు. తర్వాత "ఏరా, ముసల్ది ఎలా ఉందిరా?" అనేవారు. మా ఆవిడ ఎలా ఉందో, పిల్లలు ఏం చదువుతున్నారో ఆ తర్వాతే. మా నాన్న పోయాక నన్ను "ఏరా" అనే మనిషి ఆయనొక్కరే మిగిలారు. యాభై ఏళ్ళకి దగ్గరపడ్డవాడికి అది ఎంత పెద్ద విషయమో ఆ పిలుపు పోయేదాకా తెలియలేదు.

ఆయనకో పద్ధతి ఉంది. మరెక్కడా నేను చూడలేదు. పాత బండికి ఆయిల్ ఎక్కడినుంచి కారుతోందో తెలుసుకోడానికి మిగతా మేస్త్రీలు కిందకి దూరి టార్చిలైటు వేసి చూస్తారు. ఈయన పచ్చి అరిటాకు తెమ్మనేవారు. మాకేమన్నా ఆకులకి కరువా! సాయంత్రం బండి ఆపాక ఇంజన్ కింద ఆకు పరిచి, పొద్దున్న తీసి చూడాలి. మట్టి మీద పడితే చుక్క ఇంకిపోతుంది. ఆకు మీద పడితే ఎక్కడ పడిందో, ఎన్ని పడ్డాయో, నల్లగా ఉందో తేనెరంగులో ఉందో అన్నీ కనపడతాయి. ఆ పనికి ఆయన పెట్టిన పేరు "విస్తరెయ్యడం". నేనెప్పుడు కనపడినా రెండో ప్రశ్న అదే. "విస్తరేశావా రాత్రి? ఏం తింది ముసల్ది?" అని పకపకా నవ్వేవారు. ఒకే జోకుకి ఇరవై రెండేళ్ళు నవ్వారంటే చూడండి.

మిగతా విషయాల్లో మాత్రం మహా చిరాకు మనిషి. ఇంజన్ వేడి మీదే ఆయిల్ దించాలి, చల్లారితే ఒప్పుకోరు. కొత్తది పోశాక పది నిమిషాలు ఆగాలి, ఆగకుండా ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ లాగితే చేతి మీద కొట్టేవారు. "అది కిందకి దిగొద్దూ? నీకున్న తొందర దానికుందా?" అనేవారు. ఏది అడిగినా కారణం చెప్పేవారు కాదు. "బండి చెప్తుంది, నువ్వు నోరు మూసుకుని విను" అనేవారు. అదిగో, నాకు మండేది అక్కడే. నేను డిగ్రీ చదివానండి. కారణం చెప్పకపోతే నాకు బుర్రకెక్కదు.

ఇక ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆయిల్ టయానికి మార్చే అలవాటు నాకు ఏనాడూ లేదు. మా బండికి ఆయన పెట్టిన లెక్క తొమ్మిది వేల కిలోమీటర్లు. నేను పదివేలకి వెళ్ళేవాణ్ణి, ఒకోసారి పదకొండుకి. తిట్టేవారు. ఎలాగూ తిట్లు తప్పవు కదా అని ఇంకో లోడు వేసుకునేవాణ్ణి.

పోయిన శ్రావణ మాసానికి ముందు మా బావమరిది నా ప్రాణానికి వచ్చాడు. వాడికి కారుంది, ఫోనుంది, ఫోన్లో వీడియోలున్నాయి. "బావా, ఇంకా ఆ నాటు ఆయిలేనా? సింథటిక్ పొయ్యి, ఇంజన్ దూదిపింజ అయిపోతుంది, రెట్టింపు దూరం మార్చక్కర్లేదు" అన్నాడు. ఆ చివరి మాటకి పడిపోయాను. మార్చక్కర్లేదు అంటే చాలు, నాలాంటి బద్ధకస్తుడికి ఇంకేం కావాలి!

అయినా ముందు మేస్త్రీగారినే అడిగాను.

"వద్దురా. దానికి అలవాటు లేదు" అన్నారు.

"అలవాటేంటి మేస్త్రీగారూ, అదేమన్నా మనిషా? కారణం చెప్పండి."

"పాత సీళ్ళురా. అది పల్చన."

"పల్చనైతే మంచిదేగా, గబుక్కున పైకెక్కుతుంది. వీడియోలో చెప్పారు."

"అయితే వీడియోనే అడుగు, మధ్యలో నేనెందుకు?" అని స్పానరు తీసుకుని ఇంకో బండి కిందకి దూరిపోయారు.

ఆ రెండు ముక్కల్లోనే జవాబంతా ఉందని తర్వాత అర్థమైంది. ఇన్నేళ్ళ ఇంజన్లో పేరుకున్న మడ్డే సగం సీళ్ళని, అంటే ఆయిల్ బయటికి రాకుండా ఆపే రబ్బరు చుట్లని, పట్టుకుని ఉంటుందిట. సింథటిక్ ఆ మడ్డిని కడిగేస్తుందిట, పైగా పల్చన, సందు దొరికితే కారిపోతుందిట. ఇంజన్ మంచిదైతే ఆ కడగడమే దాని గొప్ప. ముసలి సీళ్ళకి అదే చేటు. ఇంత మాట ఆయన నోటితో ఒక్కసారి చెప్పుంటే ఏం పోయేదండీ? నేను వినేవాణ్ణి కదా! వినేవాణ్ణా? ఏమో, రాస్తుంటే నాకే నమ్మకం కలగట్లేదు.

ఆ వారమే హైవే మీద ఒక సర్వీసు పాయింటులో, ఆయనకి చెప్పకుండా, సింథటిక్ పోయించేశాను. టక్కు చేసుకున్న కుర్రాడు చల్లటి మంచినీళ్ళ సీసా కూడా ఇచ్చాడు. బండి నిజంగానే హాయిగా ఉంది, చప్పుడు తగ్గింది. నాలుగు రోజులు మా బావమరిదిని పొగిడి పొగిడి చంపాను.

రెండో వారంలో ఆకు మీద చుక్కలు పడ్డాయి. ఒకటి కాదు, రెండు కాదు, గుత్తిగా, తేనెరంగులో తళతళలాడుతూ ఏడెనిమిది. వాకిట్లో ఆ ఆకు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు చెయ్యాల్సింది బండి షెడ్డుకి తోలి "తప్పయిపోయింది మేస్త్రీగారూ" అనడం. తిట్టేవారు, బాగుచేసేవారు. నేనేం చేశానంటే ఆ ఆకు పట్టుకెళ్ళి ఇంటి ముందు కాలవలో పారేశాను. నాలుగు రోజులు ఆయిల్ పైన పోసుకుంటూ తిరిగాను.

మా ఊరు షెడ్డుకి ఎగువన ఉంటుంది. ఆ కాలవే పోయి పోయి ఆయన రేవు పక్కనుంచి వెళ్తుంది. ఈ మాట నాకు ఆ క్షణాన తోచలేదు. డెల్టాలో పుట్టి పెరిగినవాణ్ణి, కాలవ ఎటు పారుతుందో తెలియదా? తెలుసు. ఆ రోజు తోచలేదు, అంతే.

ఆకు పారేసిన మర్నాడు మార్కెట్ దగ్గర టీ కొట్టులో ఆయన కనపడ్డారు. "విస్తరేశావా?" అన్నారు. నవ్వలేదు. నేను గమనించలేదు.

"వేశాను. ఒక్క చుక్క లేదు" అన్నాను.

నా మొహంలోకి చూసి "సరే" అని టీ తాగి వెళ్ళిపోయారు.

ఆ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. నిడదవోలుకి లోడు వేసుకున్నాను. పొద్దున్న ఎనిమిదింటికల్లా కొట్లలో పళ్ళు లేకపోతే ఎవరికి కావాలి? గోదావరి మీద సిద్ధాంతం వంతెన దిగుతుండగా ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. పక్కకి తీసి ఆపి కిందకి చూస్తే, ఇంజనుకీ గేరుబాక్సుకీ మధ్య నుంచి ధార. ఉక్కపోత, పొద్దున్నే చురుక్కుమనే ఎండ, బండి నిండా పళ్ళు. సర్వీసు పాయింటుకి ఫోన్ చేస్తే "బండి తీసుకురండి సార్" అంటాడు. తేగలిగితే నీకెందుకయ్యా ఫోను! మా బావమరిది ఫోనెత్తలేదు. చివరికి మేస్త్రీగారికే చేశాను. "వస్తున్నా" అన్నారు.

డెబ్భై దాటిన మనిషి, టీవీఎస్ మోపెడ్ మీద, వెనకాల పనిముట్ల సంచీ కట్టుకుని వంతెన దాటి వచ్చారు. బండి కింద గోనె పరుచుకుని దూరారు. బయటికొచ్చి కారిన ఆయిల్ రెండు వేళ్ళ మధ్య పెట్టి రుద్దారు. వాసన చూశారు. నేను తిట్ల కోసం చూస్తున్నాను.

"ఏ ఆయిల్ పోయించారండి?" అన్నారు.

నాకు అర్థం కాలేదు. ఎవరితో మాట్లాడుతున్నారా అని వెనక్కి తిరిగి చూశాను. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.

"మేస్త్రీగారూ..."

"మీ ఆకు మా రేవులో తగులుకుందండి" అన్నారు. గుడ్డతో చెయ్యి తుడుచుకున్నారు. "ఇంకో బండి మాట్లాడానండి. పళ్ళు మార్పించి పంపించేయండి. దీన్ని నేను వేరే బండికి కట్టించుకుని తీసుకెళ్తాను."

మా గోదావరి జిల్లాల్లో అండి అనేది మాటకి ఉప్పులాంటిది. బస్సు కండక్టరుకీ అండే, పాలవాడికీ అండే. అల్లాంటి అండి ఒకటి నన్ను నిలువునా కోసేస్తుందని ఎన్నడూ అనుకోలేదు. వెధవా అన్నా, తన్నినా ఆ వంతెన పక్కన నిలబడి అంత చిన్నబోయేవాణ్ణి కాదు.

వారం రోజుల్లో సీళ్ళన్నీ మార్చి, కింద ఆయిల్ నిలిచే చాంబర్ విప్పి కడిగి, మామూలు ఆయిలే పోసి బండి అప్పగించారు. ముసల్ది పడుచుదైపోయింది. "థాంక్సండి" అన్నాను. "పర్లేదండి" అన్నారు. అంతే! అప్పటినుంచి ఇద్దరం పెళ్ళిచూపుల్లో వియ్యంకుల్లాగా అండి, అండి అనుకుంటూనే గడిపాం. బతిమాలాను. "తిట్టండి మేస్త్రీగారూ, మీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్కసారి తిట్టండి" అన్నాను. "అయ్యో, మిమ్మల్ని తిట్టడమేంటండీ" అన్నారు. పక్కనున్నవాళ్ళు ఎంత మర్యాదస్తుడో అనుకుని ఉంటారు. నాకు ఒళ్ళు మండిపోయేది.

ఇక ఆయిల్ ప్రశ్న మళ్ళీ మొదలైంది. సీళ్ళు కొత్తవి కదా, మడ్డి కడిగేశారు కదా, ఈసారి మార్చేటప్పుడు ఏది పొయ్యాలి? షెడ్డుకెళ్ళి అడిగాను.

"మీ ఇష్టమండి."

ఫోన్లో అడిగాను. "మీ ఇష్టమండి." ఓ ఆదివారం ఆయన చర్చి నుంచి వస్తుంటే గేటు దగ్గర కాపు కాసి అడిగాను. బైబిలు చంకలో పెట్టుకుని, తెల్ల చొక్కాలో, చిరునవ్వు నవ్వి మరీ అదే మాట. కోపంతో నన్ను సాధిస్తున్నారనుకున్నాను. జవాబు చెప్పేదాకా ఆయిల్ మార్చేదే లేదని నేనూ మొండికేశాను. నా పద్ధతులు ఇలా ఉంటాయి.

చివరిసారి చూసింది ఆయన పోవడానికి పది రోజుల ముందు. ఆయాసంగా ఉంటోందని షెడ్డుకి రావట్లేదని తెలిసి, ఓ అత్తం చక్కరకేళీ అరటిపళ్ళు పట్టుకుని ఇంటికి వెళ్ళాను. లారీ మీదే వెళ్ళి గుమ్మం ముందు ఆపాను. అరుగు మీద కుర్చీలో కూచుని బండి ఆగేదాకా కళ్ళు మూసుకుని విన్నారు. అప్పుడు అడిగారు.

"మీటరు ఎంతయ్యిందండి?"

అప్పటికే తొమ్మిది వేలు దాటి చాలా తిరిగింది. ఆ అండి విని నాకు మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది.

"ఇంకా టైముందండి" అన్నాను.

"ఉందాండి?" అన్నారు.

"ఉందండి. ఏ ఆయిల్ పొయ్యాలో చెప్తే అప్పుడు చూసుకుంటానండి."

"మీ ఇష్టమండి" అన్నారు. నేను గడప దగ్గర్నుంచే "ఉంటానండి" అని వచ్చేశాను. అదే ఆఖరు. ఆయనకి నేను చెప్పిన చివరి మాట అండి, అది కూడా వెటకారంగా.

ఆయన పోయాక చర్చివాళ్ళు ప్రార్థన చేసి భోజనాలు పెట్టే ఆదరణ కూడికకి ఆకులు నేనే తెచ్చాను, ముసల్దాని మీదే. మార్కెట్లో ఏరి ఏరి, చిరుగు లేనివి. ప్రార్థన అయ్యాక పాస్టరు గారు ఆయన గురించి ఎవరైనా రెండు మాటలు చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. మళ్ళీ కూచున్నాను. ఈ నాలుగు మాటలూ ఆ రోజు అక్కడ చెప్పాల్సినవి.

భోజనాలయ్యాక మిగిలిన ఆకులు సర్దుతుంటే పిన్నిగారు వచ్చి పక్కన కూచున్నారు.

"బాబూ, బండికి ఆయిల్ మార్చావా?" అన్నారు.

నాకు చివుక్కుమంది. "మీరు కూడానా పిన్నిగారూ! ఏది పొయ్యాలో ఆయన చెప్తేగా? ఆరు నెలలు తిరిగాను. మీ ఇష్టమండి, మీ ఇష్టమండి అని నన్ను చంపుకు తిన్నారు."

ఆవిడ ఆశ్చర్యంగా చూశారు. "నీ ఇష్టమనే కదా మరి! నేనూ అడిగాను ఆయన్ని, పాపం ఆ ఆయిల్ గొడవేదో తేల్చెయ్యొచ్చు కదా అని. 'తేల్చడానికేముందే, సీళ్ళన్నీ కొత్తవేశాను, వాడిప్పుడు ఏది పోసినా ఒకటే, వాడిష్టం. టయానికి మారిస్తే చాలు. వాడు చచ్చినా మార్చడు' అన్నారు."

నేను ఆకులు కింద పెట్టేశాను. "ఏమన్నారు? వాడు అన్నారా, ఆయన అన్నారా?"

"ఎవర్ని?"

"నన్నండీ! నన్ను."

"నిన్ను ఆయన అనడమేంటి నాయనా! ఇంట్లో ఎప్పుడూ వాడే. సిద్ధాంతం నుంచి వచ్చిన రోజు అన్నం కూడా తినలేదు. 'ఆకు రేవులో దొరికాక కూడా అడిగానే, చుక్క లేదన్నాడు. ఇప్పుడు పోసే ఆయిల్ తొమ్మిది వేలు తిరిగేదాకా అండి అనే అంటాను వెధవని. ఉడుక్కోనీ. మార్చడానికి బండి తెచ్చిన రోజున ఏరా అంటాను' అన్నారు. అన్నంత పనీ చేశారు మరి." ఆవిడ చెంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "మొన్న నువ్వు చక్కరకేళీలు తెచ్చి వెళ్ళాక ఒకటే నవ్వు. 'చప్పుడు వింటే తెలియట్లేదూ, ఎప్పుడో దాటేసింది, ఇంకా టైముందిట వాడికి. ఎప్పటికి తెస్తాడో ఏంటో, నాకే నోరు దురదపెట్టేస్తోందే' అన్నారు."

నేను అక్కడ ఎలా లేచానో, ఏం చెప్పి వచ్చానో గుర్తులేదు. మీటరు చూశాను. ఆయన ఆయిల్ పోసినప్పటినుంచి పదివేల ఐదువందలు. పదిహేను వందల కిలోమీటర్లండి! పదిహేను వందల కిలోమీటర్ల కిందట ఆ షెడ్డు ముందు నేను బండి ఆపి ఉంటే, ఆయన బానెట్ మీద చెయ్యి వేసి "ఏరా" అనేవారు. ఆ మాట నోట్లో పెట్టుకుని ఆయన అక్కడ ఎదురుచూస్తుంటే, నేను మొండికేసుకుని రోడ్ల మీద తిరిగాను. అంత పంతం పట్టాలా మేస్త్రీగారూ? ఒకరోజు ముందు అంటే మీ సొమ్మేం పోయేది? ఇది రాస్తున్నప్పుడు కూడా ఆయన మీద కోపంగానే ఉంది. నా మీద ఎంత ఉందో చెప్పలేను.

పిన్నిగారి దగ్గర తాళం తీసుకుని ఆ సాయంత్రమే షెడ్డు తెరిచాను. ఇంజన్ వేడి మీదే ఆయిల్ దించాను. మామూలుదే పోశాను. సింథటిక్ పోసినా ఏమనేవారు కాదట, కానీ చెయ్యి అటు పోలేదు. పది నిమిషాలు ఆగాకే డిప్‌స్టిక్ తీశాను. కూడికలో మిగిలిన ఆకొకటి ఇంజన్ కింద పరిచి, షెడ్డు మూసి ఇంటికి నడిచి వెళ్ళాను.

పొద్దున్న వచ్చి ఆకు తీసి చూశాను. ఒక్క చుక్క లేదు. ఈసారి నిజంగా లేదు. రేవు మెట్ల మీద ఆ ఆకు పట్టుకుని చాలాసేపు కూచున్నాను. కాలవ నిండుగా పారుతోంది. పారెయ్యలేకపోయాను.

క్యాబిన్‌లో అద్దం ముందు పరిచాను. ఇప్పుడది పూర్తిగా ఎండిపోయింది, అంచులు లోపలికి ముడుచుకున్నాయి. సిద్ధాంతం వంతెన మీద అతుకుల దగ్గర బండి ఎగిరినప్పుడల్లా గలగలమంటుంది.